కమ్మరి కొడుకు, మా తాత జావా ట్యాంకు

మా హిమాయత్‌నగర్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, లిఫ్ట్ పక్క మూలన, మా తాత జావా పదకొండేళ్ళుగా టార్పాలిన్ కప్పుకుని నిలబడి ఉంది. ఒకప్పుడు దాని మీదే ఆయన రోజూ నాంపల్లిలో ఉద్యోగానికి వెళ్ళొచ్చేవాడు. మోకాళ్ళు మొరాయించాక కిక్కు కొట్టలేక పక్కన పెట్టేశాడు. మొన్న సెలవుల్లో ట్యాంకు మూత తీసి ఫోన్ లైటు వేసి చూశాను. లోపలంతా ఎర్రమట్టి గోడలా తుప్పు. ఊపితే గలగలమని చప్పుడు. తాత కూడా ఒకసారి తొంగి చూసి, ఇంకేముంది, తూకానికి ఇచ్చేద్దాం అన్నాడు. నాకు మనసొప్పలేదు. వారం రోజులు టైమడిగాను.

నిజం చెప్పాలంటే ఆ వారం నేను చేయాల్సిన పని వేరే ఉంది. ఎమ్-2 సప్లీ. రెండుసార్లు రాసి రెండుసార్లూ పోగొట్టుకున్న పేపరు. పుస్తకం తెరిస్తే గుండె జారుతుంది, కాబట్టి ట్యాంకు తెరిచాను. మనలో చాలామందికి ఈ తెలివి ఉంటుంది కదా!

ట్యాంకు తుప్పుకి దారులు చాలా ఉన్నాయి. లోపల నట్లు వేసి గంటలకొద్దీ ఊపొచ్చు. వెనిగర్ పోసి రోజుల తరబడి నానబెట్టొచ్చు. ఫాస్ఫారిక్ ఆసిడ్ వాడొచ్చు. నేను కరెంటు దారి పట్టాను, అంటే విద్యుద్విశ్లేషణం. ఇంటర్‌లో చదివిందే. తెలుగు మీడియం వాళ్ళం కాబట్టి మా కెమిస్ట్రీ పుస్తకం తెలుగు అకాడమీది. ఆ అకాడమీ మా హిమాయత్‌నగర్‌లోనే ఉంది. 1968లో పెట్టినప్పుడు పి.వి. నరసింహారావు గారు దానికి తొలి అధ్యక్షుడు. ఆ పుస్తకంలో ఫారడే నియమాలు రెండు, వాటి కింద ఒక లెక్క. నాలుగు మార్కుల కోసం బట్టీ పట్టి పరీక్ష హాల్లో దించేసి వచ్చాను. ఫారడే అంటే నాకు అప్పటికి మనిషి కాదు, ఒక ప్రశ్న.

మనిషిగా పరిచయమైంది ట్యాంకు వల్లే. సామాన్ల కోసం ట్రూప్ బజార్ వెళ్ళాను. అది ఆదివారం. తిరిగొస్తూ ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గర ఆగితే, కొవ్వొత్తి మీద ఫారడే పిల్లలకు చెప్పిన ఉపన్యాసాల పుస్తకం కనిపించింది. అట్ట ఊడింది, కుట్టు బాగానే ఉంది. ఆయన జీవితం గురించి చదవడం అక్కడ మొదలుపెట్టాను. మొదట తెలిసిన సంగతికే నవ్వొచ్చింది. ఆయన కూడా పాత పుస్తకాల మధ్య పెరిగినవాడే.

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబర్ 22న, ఇప్పటి లండన్‌లో కలిసిపోయిన న్యూయింగ్టన్‌లో పుట్టాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. ఇనుము కాల్చి కొట్టి బతికిన ఇల్లు అది. తండ్రి ఆరోగ్యం పాడై పనికి సరిగా పోలేని రోజులొచ్చాయి. 1801లో ధరలు మండిపోయినప్పుడు పిల్లాడికి వారానికి ఒక రొట్టె చేతికిచ్చి, వారమంతా దాంతోనే సరిపెట్టుకోమన్నారట. చదువు అంటే రాయడం, చదవడం, కూడికలు, తీసివేతలు. బడి అక్కడితో సరి.

పద్నాలుగో ఏట, 1805లో, జార్జి రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర బైండింగ్ పనిలో చేరాడు. ఏడేళ్ళ ఒప్పందం. పగలు పుస్తకాలు కుట్టడం, రాత్రి వాటిని చదవడం. బైండింగ్‌కి వచ్చిన ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తు వ్యాసం చదివాడు. జేన్ మార్సెట్ అనే ఆవిడ రాసిన రసాయన సంభాషణల పుస్తకం చదివాడు. చదివి ఊరుకోలేదు, చేతిలో ఉన్న చిల్లరతో కొనగలిగిన సామాన్లు కొని అందులో రాసింది నిజమో కాదో చేసి చూసుకున్నాడు. ఈ అలవాటు ఆయన్ని చివరిదాకా వదల్లేదు. ఎంత పెద్దవాళ్ళు చెప్పినా, తన చేత్తో చేసి చూడనిదే తనకు తెలిసినట్టు లెక్కలోకి తీసుకునేవాడు కాదు.

1812లో షాపుకొచ్చే ఒక పెద్దమనిషి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టికెట్లు ఇచ్చాడు. అప్పట్లో డేవీ అంటే స్టార్. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విని, నోట్స్ రాసుకుని, ఇంటికొచ్చి బొమ్మలతో సహా శుభ్రంగా తిరగరాసి, దాదాపు 300 పేజీల పుస్తకంగా తనే బైండ్ చేశాడు. ఉద్యోగం ఇప్పించమని అడుగుతూ దాన్ని డేవీకి పంపాడు. మనం పంపే రెజ్యూమెలు గుర్తొచ్చాయి నాకు. ఆయన రెజ్యూమెలో ఒక్క విశేషణం లేదు, చేసిన పనే ఉంది.

వెంటనే ఉద్యోగం రాలేదు. ఈలోగా నైట్రోజన్ ట్రైక్లోరైడ్ పేలి డేవీ కళ్ళు దెబ్బతింటే, కొన్నాళ్ళు ఆయన చెప్పింది రాసిపెట్టే పని దొరికింది. ఆ తర్వాత లాబ్‌లో పనిచేసే సహాయకుడు ఎవరితోనో కొట్లాడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1813 మార్చి 1న ఆ ఖాళీలో ఫారడే చేరాడు. వారానికి 25 షిల్లింగులు, మేడమీద రెండు గదులు. మొదట్లో పని అంటే సీసాలు కడగడం, ఉపన్యాసాలకు సామాను సర్దడం. అదే సంవత్సరం డేవీ దంపతులతో యూరప్ వెళ్ళి ఏడాదిన్నర తిరిగొచ్చాడు. దారిలో ఆంపియర్‌ని, వోల్టాని చూశాడు. డేవీ భార్య మాత్రం ఆయన్ని నౌకరుగానే చూసింది. బండిలో బయట కూచోబెట్టేది, పనివాళ్ళతో కలిసి తినమనేది. మానేసి వెళ్ళిపోదామని కూడా అనుకున్నాడు. నేర్చుకునేది ఇంకా మిగిలి ఉందని ఆగిపోయాడు.

ఇక్కడ ఒక్క నిమిషం మా టెర్రస్ మీదకు రండి.

ట్యాంకులో మిగిలిన పెట్రోలు తీసేసి, సబ్బునీళ్ళతో వాసన పోయేదాకా ఎన్నోసార్లు కడిగాను. పెట్రోలు ఆవిరి ఉన్న ట్యాంకు దగ్గర నిప్పురవ్వ పుడితే అది బాంబే. తర్వాత నీళ్ళు నింపి బట్టల సోడా కలిపాను. బట్టల సోడా అంటే సోడియం కార్బొనేట్, వంటసోడా కాదు. ఉప్పు అసలే వేయకూడదు, క్లోరిన్ వస్తుంది. మూత రంధ్రంలోంచి ఒక ఇనుప చువ్వ దించి, అది ట్యాంకుకి ఎక్కడా తగలకుండా సైకిల్ ట్యూబు ముక్క చుట్టాను. స్టీలు చువ్వ అయితే తుప్పు పట్టదు కదా అని తాత అడిగాడు. అందులో ఉండే క్రోమియం కరిగి నీళ్ళను విషం చేస్తుంది కాబట్టి మామూలు ఇనుమే వాడాలని చెప్పాను. పన్నెండు వోల్టుల బ్యాటరీ చార్జర్ తెచ్చి వైర్లు పట్టుకున్నాను. అప్పుడు బుర్ర ఆగిపోయింది. ఏది ఆనోడ్? ఏది కాథోడ్?

బట్టీ పట్టిన చదువు ఇలాగే వదిలేస్తుంది. ప్లస్ ట్యాంకుకి తగిలించబోయాను. తగిలించి ఉంటే తుప్పు పోకపోగా ట్యాంకే కరగడం మొదలయ్యేది. నెగెటివ్ ట్యాంకుకి, పాజిటివ్ చువ్వకి. పుస్తకం తిరగేసి చూసుకున్నాకే స్విచ్ వేశాను.

ఆ రెండు మాటలూ పుట్టింది ఫారడే గదిలోనే. 1832 నుంచి 1834 దాకా ఆయన ద్రావణాల్లోంచి కరెంటు పంపిస్తూ, ఏ వైపు ఏం చేరుతుందో, ఎంత చేరుతుందో తూచాడు. చూసినదాన్ని చెప్పడానికి పాత మాటలు సరిపోలేదు. కరెంటు అసలు ఎటు పోతుందో ఎవరికీ తెలియనప్పుడు, ఒక సిద్ధాంతానికి ముందే ఒప్పుకునే మాట ఆయన వాడదలచుకోలేదు. తనకు గ్రీకు రాదు. వచ్చినవాళ్ళను అడిగాడు. ముందు తన డాక్టర్ విట్‌లాక్ నికోల్‌ని, తర్వాత కేంబ్రిడ్జ్‌లోని విలియం హ్యూయెల్‌ని. 1834లో ఉత్తరాలు అటూ ఇటూ నడిచాక ఆనోడ్, కాథోడ్, అయాన్ స్థిరపడ్డాయి. సూర్యుడు ఎక్కే దారి, దిగే దారి అన్న ఊహలోంచి మొదటి రెండూ వచ్చాయి. నడిచేది అన్న అర్థంలో అయాన్ వచ్చింది. మా వీధిలో అకాడమీ వాళ్ళు ఇంగ్లీషు శాస్త్రానికి తెలుగు మాటలు వెతుక్కున్నట్టే, ఇంగ్లీషువాడు కూడా తన శాస్త్రానికి ఇంకో భాషలో మాటలు వెతుక్కున్నాడన్నమాట. ఇది నాకెవరూ చెప్పలేదు. తెలిసి ఉంటే కాలేజీ మొదటి ఏడాది అంత బెరుగ్గా కూచునేవాడిని కాదేమో.

స్విచ్ వేసిన కాసేపటికి ట్యాంకు నోట్లోంచి బుడగలు. చువ్వ చుట్టూ గోధుమరంగు నురగ. తుప్పు మీద రెండు పనులు జరుగుతాయి. ట్యాంకు గోడ మీద పుట్టే హైడ్రోజన్ బుడగలు పొరను ఎత్తేస్తాయి. ఎర్ర తుప్పులో కొంత నల్లగా మారి, పట్టు వదిలేస్తుంది. ఎంత కరెంటు పోతే అంత పని. ఫారడే మొదటి నియమం అంటే ఇదే. ఆయన బుడగల వాయువును గాజు గొట్టంలో పట్టి కొలిచి, దాన్నిబట్టి ఎంత విద్యుత్తు ప్రవహించిందో చెప్పే సాధనం కూడా చేశాడు.

నేనూ లెక్క వేశాను. 2 ఆంపియర్లు, 10 గంటలు. 72,000 కూలుంబులు. దాన్ని 96,485తో భాగిస్తే 0.75 దగ్గర. కరెంటంతా హైడ్రోజన్‌కే పోయిందనుకుంటే దాదాపు 9 లీటర్ల వాయువు. మూసిన సెల్లార్‌లో ఈ పని ఎందుకు చేయకూడదో, టెర్రస్ మీద ఎందుకు చేయాలో ఆ అంకె చెప్పింది. ఇంటర్‌లో ఇదే లెక్క ఎన్నిసార్లు చేశానో. జవాబు అంటే ఏమిటో తెలిసింది మాత్రం ఇప్పుడే.

ఫారడేకి తుప్పుతో సంబంధం అక్కడితో ఆగలేదు. కమ్మరి కొడుకు ఇనుముని వదులుతాడా! అంతకు చాలా ముందే, 1818 నుంచి 1822 దాకా, జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం, క్రోమియం లాంటివి కలిపి చూశాడు. ఇంకా పదునుగా, ఇంకా తక్కువగా చెడిపోయే ఉక్కు దొరుకుతుందేమోనని. వ్యాపారానికి పనికొచ్చేదేమీ అప్పుడు రాలేదు. స్టెయిన్‌లెస్ స్టీల్ కోసం ప్రపంచం 1913 దాకా ఆగాల్సి వచ్చింది. ఫారడే మిశ్రమాల ముక్కలు మాత్రం ఒక పెట్టెలో ఉండిపోతే, 1931లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ 79 ముక్కలు పరీక్షించి పుస్తకం రాశాడు.

1824లో నౌకాదళం ఓడల అడుగున వేసిన రాగి రేకుల్ని సముద్రం తినేస్తుంటే, వాటికి జింకు, ఇనుము ముక్కలు తగిలించి కాపాడొచ్చని డేవీ చూపించాడు. ఆ ప్రయోగాల్లో ఫారడే చెయ్యి ఉంది. రాగి బతికింది. కానీ కరగని రాగి మీద నాచు, గుల్లలు పట్టి ఓడలు నెమ్మదించాయి. పథకం మూలపడింది. ఇప్పుడు పైపులైన్లకూ ఓడలకూ మనం చేస్తున్నది ఆ ఉపాయమే. 1836లో ఇంకో వింత గమనించాడు. గాఢ నైట్రిక్ ఆసిడ్‌లో ముంచిన ఇనుము కరక్కుండా మొండికేస్తుంది. పైన కంటికి కనిపించని పొర ఏదో కాపాడుతోందని ఊహించాడు. స్టీలు గ్లాసు తుప్పు పట్టకపోవడానికి కారణం అలాంటి పొరే.

1825లో దీపాల గ్యాసు సిలిండర్లలో అడుగున మిగిలే నూనెలోంచి బెంజీన్ వేరు చేసిందీ ఆయనే. మన పెట్రోల్లో ఇప్పుడు అది ఒక్క శాతం మించకూడదని నియమం. అంటే మా తాత ట్యాంకులో ఫారడే ముందే ఉన్నాడు, నేను చూడలేదంతే.

ఇంత చేసినవాడి దారేమీ పూలబాట కాదు. 1821లో సారా బార్నార్డ్‌ని పెళ్ళి చేసుకున్నాడు. అదే ఏడు కరెంటు తీగను అయస్కాంతం చుట్టూ తిప్పి చూపించాడు, మోటారుకి మొదటి అడుగు అది. వెంటనే, వోలాస్టన్ ఆలోచన కొట్టేశాడని పుకారు. 1824లో రాయల్ సొసైటీ సభ్యత్వానికి పేరు వస్తే అడ్డుపడింది సొసైటీ అధ్యక్షుడు డేవీ, అంటే తన గురువే. అయినా ఎన్నికయ్యాడు. డేవీ గురించి చెడుగా మాట్లాడలేదు. 1831 ఆగస్టు 29న ఇనుప రింగుకి రెండు పక్కలా తీగ చుట్టి, ఒక పక్క కరెంటు మారితే రెండో పక్క కరెంటు పుడుతుందని చూశాడు. మన ట్రాన్స్‌ఫార్మర్లు, జనరేటర్లు అన్నిటికీ తల్లి ఆ రింగు.

ఇక నా సప్లీ సంగతి. ఫారడేకి లెక్కలు రావు అని ఒక సీనియర్ ఎప్పుడో చెప్పాడు. ఆ మాట దిండు కింద పెట్టుకుని హాయిగా పడుకున్నాను. ఆయనకి రాకపోతే నాకు మాత్రం ఎందుకు! ఈ వారం చదివాక ఆ దిండు పోయింది. ఆయనకి కాలిక్యులస్ రాదు, ఆల్జీబ్రా కూడా అంతంతే, నిజమే. కానీ ఆ లోటును ఊరికే వదిలేయలేదు. 1832 నుంచి రాసిన ప్రయోగాల డైరీలో ప్రతి పేరాకీ నంబరు వేశాడు. 1860లో ఆగేసరికి ఆ నంబరు 16,041. విఫలమైనవి కూడా రాశాడు. జ్ఞాపకశక్తి తనను మోసం చేస్తుందని ఆయనకు తెలుసు. తల తిరగడం, మరిచిపోవడం నడివయసు నుంచే ఉన్నాయి. 1840 ప్రాంతంలో కొన్నేళ్ళు పని దాదాపు ఆపేయాల్సి వచ్చింది. అయినా 1845లో తిరిగొచ్చి, అయస్కాంతం కాంతిని ప్రభావితం చేస్తుందని చూపించాడు. తల మీద నమ్మకం లేనివాడు కాగితాన్ని నమ్ముకున్నాడు.

ఇంకొకటి నన్ను ఎక్కువగా పట్టుకుంది. ఆయన ఊహించిన బలరేఖల్ని మాక్స్‌వెల్ అనే కుర్రాడు గణితంలో పెట్టడం మొదలుపెట్టాడు. 1857లో ఫారడే అతనికి ఉత్తరం రాశాడు. గణితంలో తేలిన సంగతుల్ని తనలాంటివాళ్ళకి అర్థమయ్యే మామూలు భాషలో కూడా చెప్పడం కుదరదా అని అడిగాడు. అప్పటికి ఆయనకి 66 ఏళ్ళు. మాక్స్‌వెల్‌కి 26. ప్రపంచమంతా పేరున్న మనిషి, రానిది రాదని ఒప్పుకుని చిన్నవాణ్ణి అడిగాడు. గ్రీకు రాకపోతే హ్యూయెల్‌ని అడిగాడు, గణితం రాకపోతే మాక్స్‌వెల్‌ని. నేను రెండేళ్ళుగా ఎమ్-2లో ఒక్క డౌటు కూడా ఎవరినీ అడగలేదు. అడిగితే చులకనవుతానని.

సర్ బిరుదు వద్దన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి రెండుసార్లు వద్దన్నాడు. పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు మాత్రం 1827 నుంచి 1860 మధ్య 19 సార్లు చెప్పాడు. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టులో ఉండడానికి ఇల్లు ఇచ్చింది. చివరి ఏళ్ళలో జ్ఞాపకం పూర్తిగా జారిపోయింది. 1867 ఆగస్టు 25న కుర్చీలో కూచునే వెళ్ళిపోయాడు. పెద్దవాళ్ళను పూడ్చే వెస్ట్‌మినిస్టర్ ఆబీ వద్దనుకున్నాడు. హైగేట్ శ్మశానంలో సాదా రాయి కింద ఉన్నాడు.

మూడో రోజు ట్యాంకు ఖాళీ చేశాను. నల్లటి బురద వచ్చింది. రెండుసార్లు కడిగి లైటు వేస్తే బూడిదరంగు లోహం కనిపించింది. సంతోషంతో తాతను పిలుచుకొచ్చేలోపు, అరగంట కూడా కాలేదు, తడి ఇనుము మీద మళ్ళీ నారింజరంగు పొడ! కడిగిన వెంటనే ఆరబెట్టి నూనె పట్టించాలి. అది నాకు తట్టలేదు. మళ్ళీ మొదటి నుంచి. ఈసారి హెయిర్ డ్రయ్యర్ పక్కన పెట్టుకుని చేశాను.

అసలు సంగతి తర్వాత తెలిసింది. నీళ్ళు పోసి చూస్తే అడుగున మూడు సూదిబెజ్జాలు. తుప్పే ఇన్నాళ్ళూ వాటిని మూసి ఉంచింది. కరెంటు తుప్పును తీయగలదు గానీ, తుప్పు తినేసిన ఇనుమును తిరిగి తేలేదు. పోయింది పోయినట్టే. ఇది వైరు ఎటు తగిలించినా మారదు. మూడు బెజ్జాలే కాబట్టి రేడియేటర్లు అతికే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాం. పెట్రోలు వాసన లేదని మూడుసార్లు చూసుకున్నాకే ఆయన సోల్డర్ పెట్టాడు. రాత్రంతా కిరోసిన్ పోసి ఉంచితే కింద పరిచిన న్యూస్‌పేపర్ పొడిగానే ఉంది.

బండి ఇంకా స్టార్ట్ కాలేదు. కార్బురేటర్ వేరే కథ. తాత మాత్రం తూకం మాట ఎత్తడం లేదు. రోజూ సాయంత్రం సెల్లార్‌కి దిగి ట్యాంకు మూత తీసి చూసి వస్తున్నాడు.

నేను ఒక నోట్‌బుక్ పెట్టాను. మొదటి పేరాకి 1 అని నంబరు వేశాను. ట్యాంకు గురించి 41 దాకా వచ్చింది. 42 నుంచి ఎమ్-2. లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ దగ్గర ఆగిపోతే, మా కింద బ్యాచ్ కుర్రాణ్ణి క్యాంటీన్‌లో కూచోబెట్టి అడిగాను. వాడు నవ్వలేదు. పెన్ను తీసుకున్నాడు.